చద్దన్నమూ చైనా సూదులూ

మా చిన్న తోడికోడలికి నెలనెలా రక్తం విపరీతంగా పోయేది. తొంభైల్లో సంగతి. అప్పుడు మద్రాసు వాషర్‌మెన్‌పేట్‌లో అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. పెళ్ళయి ఏళ్ళు గడిచినా తనకింకా పిల్లలు లేరు. పెద్దాసుపత్రిలో స్కాను తీసి, గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డ ఉందన్నారు. కాన్సరు కాదు గానీ, రక్తం ఇలాగే పోతుంటే సంచి తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పింది. ఐరన్ మాత్రలు రాసిచ్చి, కొన్ని నెలలు చూద్దామంది. ఆటోలో ఇల్లు చేరాం. గుమ్మంలో చెప్పులు విడుస్తూ తోడికోడలు నాతో అంది:

"సంచి మాత్రం ఉండాలక్కా."

మా వీధిలో ఒకావిడకి మోకాళ్ళ నొప్పి తగ్గించిన సూదుల డాక్టరమ్మ ఉందంటే అక్కడికి తీసుకెళ్ళాను. తమిళావిడే, చైనా వైద్యం నేర్చుకుంది. స్కాను కాగితం పక్కన పెట్టి ముందు నాలుక చాపమంది. నాలుక అంచులు నేరేడుపండు తిన్నట్టు ఊదాగా ఉన్నాయి. రెండు చేతుల నాడీ పట్టుకుని చాలాసేపు కళ్ళు మూసుకుంది. పాదాలు ముట్టుకుంటే మంచులా ఉన్నాయట. వాళ్ళ లెక్కలో ఒంట్లో తిరిగే ప్రాణశక్తి ఎక్కడైనా ఆగితే అక్కడ రక్తమూ నిలిచి, దారి తప్పి బయటికి పోతుంది. మనసులో అణచుకున్న దిగులు ఆ శక్తిని ఆపుతుంది, కడుపులో చేరిన చలి గడ్డ కట్టిస్తుంది. కాబట్టి వేడి పుట్టించి రక్తాన్ని కదిలించాలని చెప్పింది. బొడ్డు కింద, చీలమండ పైన, కాలి బొటనవేలి సందులో సన్నని సూదులు గుచ్చింది. చుట్ట లాంటిదొకటి వెలిగించి, తగలకుండా పొట్ట మీద సెగ చూపించింది. ఆసుపత్రి మాత్రలు మానొద్దు, చల్లనివి మాత్రం మానాలి అంది.

చిక్కంతా అక్కడే వచ్చింది. రక్తం పోతోందంటే ఒంట్లో వేడి ఎక్కువైందని మా ఇళ్ళలో లెక్క. అందుకని మా అత్త పొద్దున్నే చద్దన్నంలో మజ్జిగ పోసి, నానబెట్టిన మెంతులు వేసి, పక్కన కూర్చుని తినిపించేది. మధ్యాహ్నం లేత కొబ్బరినీళ్ళు. అవన్నీ ఆపమన్నారని నేను చెప్పగానే ఆవిడ చేతిలో గిన్నె దించింది.

"అంటే నేను పెట్టిన చద్దన్నమేనా దాని కడుపులో గడ్డ కట్టింది?"

అలా అనలేదత్తా అంటే వినలేదు. కడుపు మీద చుట్ట కాల్చే వైద్యం ఏ ఊళ్ళో ఉందని వారమంతా సణిగింది. తోడికోడలు నన్ను చూసి ఒక పూట మజ్జిగ మానేది, అత్తను చూసి ఇంకో పూట తాగేది. చివరికి అత్తే ఆ డాక్టరమ్మను కడిగేస్తానని మాతో బయలుదేరింది.

గదిలో పొగ అలుముకుని ఉంది. అత్త ఒకసారి గట్టిగా వాసన పీల్చింది. ఆ చుట్టలో ఏముందని అడిగితే, డాక్టరమ్మ కాగితం విప్పి బూడిదరంగు ఆకుపొడి చూపించింది. అత్త దాన్ని వేళ్ళతో నలిపి మళ్ళీ వాసన చూసింది.

"మన మాచిపత్రి వాసనేగదే ఇది. వినాయకుడికి పెడతామే, అదే."

అదే జాతి ఆకు అంది డాక్టరమ్మ. అత్త వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. దేవుడికి పెట్టేదానితో ఆవిడకి తగాదా లేదు. మర్నాటి నుంచి తోడికోడలికి పొగలు కక్కే అన్నం, మిరియాల చారు. చద్దన్నం పారేయడానికి మనసొప్పక అత్తే తినేది.

కొన్ని నెలలకి నొప్పి తగ్గింది, రక్తం పోవడమూ తగ్గింది, ముఖంలో కళ వచ్చింది. మళ్ళీ స్కాను తీస్తే గడ్డ మాత్రం అలాగే ఉంది. సూదుల డాక్టరమ్మ దాచుకోకుండా చెప్పింది: ఇది నా చేత కరగలేదు, ఆపరేషన్ వాయిదా వెయ్యొద్దు అని. ఒంట్లో రక్తం పట్టింది కాబట్టి వీలైతే గడ్డ ఒక్కటే తీసి సంచి ఉంచుతామని ఆసుపత్రిలో అన్నారు. లోపల చూశాకే ఏదైనా చెప్పగలమన్నారు. రక్తం మాత్రలతో పట్టిందో, సూదులతో పట్టిందో నాకు తెలియదు. అత్త మాత్రం చారు వల్లే అనేది.

ఆపరేషనయ్యాక మత్తు వదులుతుంటే తోడికోడలు కళ్ళు తెరవకుండానే అడిగింది.

"ఉందా అత్తా?"

"ఉందిలే. పడుకో."

సాయంత్రం పక్కింటావిడ చూడటానికొచ్చి, చలవ చేస్తుందని బొండం కొట్టించి తెచ్చింది. తోడికోడలు చెయ్యి చాపేలోపే అత్త అందుకుంది.

"దానికి చలవ పడదమ్మా," అని, తనే తాగేసింది.