బ్లాకుల వెనక వాగు

మా పేట బడిలో రెండో తరగతి చెప్పే ఇస్క్రా టీచరుకి నాలుగు గోడల మధ్య పాఠం కిట్టదు. గురువారం వస్తే పిల్లలకు రబ్బరు బూట్లు తొడిగించి మేముండే అపార్ట్‌మెంటు బ్లాకుల వెనకున్న వాగుకు తీసుకుపోతుంది. తోకకప్పల్ని లెక్కపెట్టిస్తూ కూడికలు నేర్పుతుంది.

ఈ ఏడు మంచు కరిగాక మొదటి గురువారం వాగు దగ్గర కంపుకి పిల్లలు ముక్కులు మూసుకున్నారు. నీళ్ల మీద జిడ్డు తెట్టె. కొమ్మలకు చుట్టుకుని వేలాడుతున్న కోడి పేగులు. రాలిత్సా అనే పిల్ల రాయెత్తితే వేళ్లకు తెల్లటి కొవ్వు ముద్ద అంటుకుంది. అక్కడే కక్కేసింది. అది చూసి మరో ఇద్దరు కక్కారు.

ఇస్క్రా వాళ్ల చేతులు తుడిచి, అందరినీ వెంటబెట్టుకుని గట్టు మీదుగా ఎగువకు నడిచింది. వంతెన దాటగానే వాగులోకి మురికి వదిలే గొట్టం కనబడింది. అది కోళ్లు కోసి అమ్మే వెల్కోది. బడి పండగకు ఏటా ఊరికే సాసేజీలు పంచే పెద్దమనిషి.

"టీచరమ్మా, పసివాళ్లను ఈ రొచ్చులోకి తెస్తారా? పార్కుకెళ్లి పూలు చూపించండి," అన్నాడు వెల్కో కొట్టులోంచి బయటికొచ్చి నవ్వుతూ.

"ఈ రొచ్చు ఎవరిదయ్యా?"

"అబ్బో, మీకొక్కరికే ముక్కుందా? డిసెంబరు నుంచీ పేటంతా చూస్తూనే ఉందిగా!"

ఆ మాట ఆమెకు గొట్టం కంటే ఎక్కువ కంపు కొట్టిందట. నిజమే. మూడో అంతస్తు నుంచి నేనూ చూశాను, కిటికీ మూసుకున్నాను.

మర్నాడు పిల్లలు గీసిన బొమ్మలు మా బ్లాకుల తలుపులన్నిటి మీదా అంటించింది: ఈకలు, పేగులు, గొట్టం, కక్కు.

"వాంతులు గీయించడం ఏం పాఠమమ్మా?" అని హెడ్మాస్టరు నిలదీశాడు.

"కళ్లతో చూసింది గీయమన్నాను సార్. అందంగా గీయమనలేదు."

సగంమంది తల్లులు ఆమెనే తిట్టారు. కానీ రోజూ ఆ తలుపులు తెరవాల్సింది వాళ్లే. పది రోజులకు నాయనమ్మలంతా కలిసి అర్జీ పట్టుకుని మునిసిపాలిటీకి వెళ్లారు, గొట్టం మూయించారు. వెల్కో మాత్రం మే నెలలో బడి పండగకు సాసేజీలు పంపనే పంపాడు. జనం వరసలో నిలబడి తిని వేళ్లు నాక్కున్నారు. ఇస్క్రా మొహం తిప్పుకుంది.

ఆమె దగ్గరకెళ్లి తప్పయిందన్నాను.

"ఆ మాట నాకెందుకండీ? గురువారం పార పట్టుకుని రండి."

వెళ్లాను. బురదలోంచి ఈకలు తవ్వుతుంటే రాలిత్సా నా పక్కనే ముక్కుకు గుడ్డ కట్టుకుని బకెట్టు పట్టింది. ఇంటికొచ్చి మూడుసార్లు కడుక్కున్నా గోళ్లకింద ఆ జిడ్డు పోలేదు. ఈ ఏడు వాగులో ఒక్క కప్పా అరవలేదు.