మావగారి ఉల్లిపాయల ఓడ

మా మావగారు బంగ్లాదేశ్ యుద్ధంలో నేవీలో పనిచేశారు. ఇంతవరకే అయితే ఏ అల్లుడికైనా ఛాతీ ఉబ్బుతుంది. కానీ ఆయనది సరుకుల ఓడ. యుద్ధనౌకలకు ఉల్లిపాయలు, పిండి, పెట్రోలు పీపాలు చేరవేసేదట. ఒక్క తుపాకీ పేల్చలేదట! కొల్లేరులో చేపల చెరువు కాపలావాడు కూడా పక్షుల్ని తోలడానికి రోజూ టపాకాయలు పేలుస్తాడు కదా.

ఆ కాస్త సరుకుతోనే ఏలూరు, తాడేపల్లిగూడెం బస్సుల్లో ఏళ్లకేళ్లు కోతలు కోస్తూ నెట్టుకొచ్చాను. గుండుగొలను దగ్గర శత్రువుల సబ్‌మెరైన్ తేలేది. భీమడోలు దాటేలోగా మావగారు దాన్ని ముంచేసేవారు.

రెండువేల ఐదో ఆరో, ఆయన గొంతుకు ఆపరేషనై మాట గాలిలా మిగిలింది. అప్పుడు పట్టుబట్టారు, గూడెంలో వాళ్ల చర్చిలో సాక్ష్యం చెప్పాలని. దేవుడు చేసిన మేలు సంఘం ముందు నిలబడి చెప్పాలన్నమాట.

"నా గొంతు మీరవ్వాలి అల్లుడుగారూ. పోయేలోగా ఒక్కసారైనా మా ఓడ సంగతి ఉన్నదున్నట్టు జనం వినాలండీ."

"ఒక్క టార్పెడో పెట్టుకోనివ్వండి. చిన్నది."

"సాక్ష్యంలోనా అండీ!"

ఆదివారం మొదటి బెంచీలో చేతికర్రతో కూర్చున్నారు. "సముద్రం నిప్పులు కక్కుతోంది..." అన్నానో లేదో, కర్ర నేలకు టక్కుమంది. "ఆకాశంలో విమానం..." మళ్ళీ టక్కు. ఇక చేసేది లేక ఉన్నదే చెప్పాను. ఓడ నిండా పెట్రోలు, పక్కన ఉల్లి బస్తాలు. రవ్వ పడితే ఓడ ఉండదు. పీపాలు దించేదాకా పొయ్యి వెలిగించలేదు. బిస్కెట్లు, పచ్చి ఉల్లిపాయ తిని, ప్రార్థించుకుంటూ వెళ్లారు. సరుకు చేరింది. అంతే. జన్మలో ఇంత చప్పగా మాట్లాడలేదు.

వెనక నుంచి ఉల్లి మార్కెట్లో బస్తాలు మోసే పెద్దాయన లేచాడు. "ఏవండీ, బస్సులో సబ్‌మెరైన్ ఉందిగా? ఇక్కడ దాచేస్తున్నారేంటండీ?"

"లేదండీ బాబూ!"

"మీరు లేదన్నారంటే ఉన్నట్టేనండీ," అందొకావిడ. చర్చంతా నవ్వు.

మావగారు లేచారు. గొంతు మీద చెయ్యి అదుముకుని, ఉన్న బలమంతా కూడదీసి అన్నారు: "ఉల్లిపాయలేనండీ."

నవ్వు ఆగింది. మార్కెట్ పెద్దాయన ఆలోచనలో పడ్డాడు. "పెట్రోలు పక్కన ఉల్లా? వాసన పట్టేసుండాలే! ఎలా తిన్నారండీ?"

మావగారి మొహం వెలిగింది. ప్రార్థనయ్యాక గుమ్మం దగ్గర ఆయన మార్కెట్ పెద్దాయన చెవిలో ఊదుతుంటే, అతను బస్తాలు మోసే గొంతుతో చుట్టూ మూగినవాళ్లకు ఉన్నదున్నట్టు అరిచి చెప్పాడు. నేను ఎండలో రిక్షా పట్టుకుని నిలబడ్డాను. గొంతు నేనవ్వాలన్నారు కదా, ఒక్కసారైనా పిలిస్తేనా!