సుంకమ్మను నేనడిగిన మొదటి ప్రశ్న

నా ఇరవై నాలుగో ఏట, నందికొట్కూరు దగ్గర ఒక నేతపల్లెలో, ఇంటిల్లిపాదీ చూస్తుండగా ఒక గర్భిణిని నేనడిగిన ప్రశ్న వింటే మీరు నన్ను మీ గడప తొక్కనివ్వరు. తొక్కనివ్వకండి. ఆ రోజు నుంచి నా మీద నాకే కోపం తగ్గలేదు.

ఇది యాభైలనాటి మాట. రక్తం పలచబడిన గర్భిణులకు ఇనుము బిళ్ళలిచ్చి, నెల తిరిగాక రక్తం ఎంత చిక్కబడిందో చూడటం నా పరిశోధన. చేతిలో పట్టా కొత్తది, తలలో పొగరు అంతకన్నా కొత్తది.

సుంకమ్మకు ఏడో నెల. నాలుక సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండేది. నూలు కండెలు చుడుతూ చుడుతూ ఆయాసంతో గోడకు చేరబడేది. మొదటి కాన్పులో రక్తం పోయి బిడ్డ దక్కలేదు. ఈసారీ అలా జరిగితే మనిషే దక్కదని నాకు తెలుసు. అందుకే రోజుకు మూడు చొప్పున నెలకు సరిపడా బిళ్ళలున్న సీసాను పట్టుకెళ్ళి, పరాయి ఇంటి కోడలితో మాట్లాడకూడదు కదా, ఎంతో మర్యాదగా అత్త రంగమ్మ చేతిలో పెట్టాను. నా మర్యాద ఎంత ఘనమైనదంటే, వేలు గుచ్చేది సుంకమ్మది, నొప్పిగా ఉందా అని అడిగేది రంగమ్మను!

నెల తిరిగింది. మళ్ళీ గుచ్చాను. గాజు గొట్టంలో అదే నీళ్ళలాంటి రక్తం. నాకు ఒళ్ళు మండింది.

"ఏమమ్మా, బిళ్ళలు పారబోశారా?" అని రంగమ్మ మీద ఎగిరాను.

"అయ్యో, పారబోస్తామా సారూ! సీసా కాలీ అయిండాది, చూడు."

"అయితే మీ కోడలు చాటుగా ఉమ్మేస్తోంది! ప్రాణం మీదికొచ్చినా బుద్ధి లేదా?"

సుంకమ్మ తలొంచుకుని కండె చుడుతూనే ఉంది. అది చూసి నాకింకా మండింది. మీకు చెబితే ఎక్కదు, చూపిస్తే తెలియదు అంటూ అరగంట ఉపన్యాసం దంచాను. మగ్గాలు కూడా ఆగిపోయాయి.

ఆగిన మగ్గం గుంతలోంచి మామ మద్దిలేటి పైకొచ్చాడు. వెనకే సుంకమ్మ మొగుడు, మరిది.

"ఏమప్పా సారూ, నీ అరుపులు చాలించి ముందు మా సంగతి చూడు. నెల దినాలుగా బయటికి పోతే బొగ్గు మాదిరి నల్లగా పోతాండాది. నా ఒక్కనికే అనుకుంటి. నా కొడుకులకూ అంతేనంట. శానా భయంగా ఉండాది!"

ఇనుము తింటే విరేచనం నల్లబడుతుంది. ఆ మాట ముందే చెప్పకపోవడం నా నేరమే, ఒప్పుకుంటాను. కానీ కడుపుతో ఉన్నది ఈ మీసాలవాళ్ళు కాదే! నా మర్యాద గంగలో కలిసింది. మొట్టమొదటిసారి నేరుగా కోడలి వైపు తిరిగి, అందరూ వింటుండగా గట్టిగా అడిగాను.

"సుంకమ్మా, నీకు కూడా నల్లగా పోతోందా?"

రంగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సుంకమ్మ కండె కింద పెట్టి తలెత్తింది.

"ఒక్క బిళ్ళన్నా నాకిచ్చినారా సారూ, నల్లగా పోయేకి?"

"మరి సీసాడు బిళ్ళలు ఏమయ్యాయి?"

"సంగటితో పాటు మగోళ్ళ తట్టల్లో పెడితి," అంది రంగమ్మ. "బలమొచ్చే బిళ్ళలని నువ్వే అంటివి. మగ్గం నేసేటోళ్ళకు బలం వద్దా? దినానికి మూడు, మగోళ్ళు ముగ్గురు. సరిపాయె. మిగిలింటే మేమూ తింటుంటిమి."

మిగలలేదట! ఆ ఇంట్లో సుంకమ్మకు పప్పూ మిగిలేది కాదు, కూరా మిగిలేది కాదు. ఆమె రక్తం పలచబడిందే అందువల్ల. దాన్ని పరిశోధించడానికి వెళ్ళి, మందు దగ్గర కూడా ఆమెను అదే వరుసలో చిట్టచివర నిలబెట్టిన మేధావిని నేను. తిట్టింది మాత్రం ఆమెను!

"నన్ను తిడితివి కదా సారూ, నువ్వన్నా నా చేతికిస్తివా?" అంది సుంకమ్మ.

కొత్త సీసా ఆమె చేతిలోనే పెట్టాను. మగవాళ్ళు తట్టల ముందు కూర్చోకముందే మొదటి బిళ్ళ మింగింది. కాన్పయ్యేదాకా రోజూ వెళ్ళి చూశాను. తల్లీ బిడ్డా దక్కారు.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మందు ఎవరిదైతే వాళ్ళ చేతిలోనే పెడతాను. కడుపు ఎవరిదైతే వాళ్ళతోనే మాట్లాడతాను. ఆ మాటను మాత్రం, ప్రాణం పోయినా సరే, విరేచనం రంగుతో మొదలుపెట్టను.