నీ వేలు ఇట్లియ్యి పాపా

"నీ వేలు ఇట్లియ్యి పాపా" అనేది ఆమె. బనగానపల్లె దగ్గర మామిడితోట ఉన్న ఇంటికి పెద్దామె. నేను ఆమెను చూసుకునేదానికి పోయే నర్సును.

ఆమెకు మల్టిపుల్ స్క్లీరోసిస్. నరాల పైపొర దెబ్బతిని, మెదడుకూ ఒంటికీ మధ్య కబుర్లు సరిగా అందని జబ్బు. ఎండ ముదిరితే కాళ్లు ఇంకా మొండికేసేవి. భుజాన తడిగుడ్డ వేసుకుని, చక్రాల కుర్చీలో కూర్చునే, వరిగడ్డిలో మాగేసిన కాయలు చూసేది. ఒకప్పుడు మాగిందో లేదో వేలితో ఒత్తి చెప్పేదట. ఇప్పుడా వేళ్లకు స్పర్శ లేదు. అందుకే నా బొటనవేలు పట్టుకుని కాయ మీద ఆనించేది.

ఒకరోజు ఒత్తీ ఒత్తకముందే "మాగిందమ్మా" అనేశా.

"తొందరపడాకు. నువ్వు నా కాలికి దూది ఆనించి తెలుస్తాందా అంటే నేనట్ల చెప్తానా? నిన్ను సంతోషపెట్టేదానికి ‘తెలుస్తాంది’ అంటే, రేపు వేన్నీళ్లకు బొబ్బలెక్కేది నా కాలే కదా?"

మళ్లీ ఒత్తా. తొడిమ దగ్గర ఇంకా గట్టిగానే ఉంది. అదే చెప్పా. ఆ కాయను తిరిగి గడ్డిలో పెట్టించింది.

తర్వాత ఆమె అరికాలికి దూది ఆనించా. పోయిన వారం ఆ చోట కొంచెం తెలిసింది. అందుకే కోడలు కూడా వచ్చి నిలబడింది. పెద్దామె కళ్లు మూసుకుని శానాసేపు ఆగింది.

"లేదు పాపా. ఈ పొద్దు తెలీలే."

నేను దూది పక్కన పెట్టేశా.

"యాడ నీ వేలు?" అంది ఆమె. "గడ్డిలో ఇంకా కాయలుండాయి."