ఆరైంది సారూ

మాదాపూర్‌లో నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో తిరుగుబాటు కూడా శనివారమే చేసేవాళ్ళం. మిగతా రోజుల్లో తీరిక ఉండేది కాదు. మా రాక్ బ్యాండులో నలుగురం. పాడేది గడ్డం అన్న. నానక్‌రామ్‌గూడ మనిషి, టెస్టింగ్ టీములో నాకు సీనియర్. పోయిన నెల ఆయన చనిపోయాడు, అందుకే ఇది రాస్తున్నాను. నేను గిటారు వాయించేవాణ్ణి (గిటారు తెలిసినవాళ్ళు ఈ మాట ఒప్పుకోరు). మదీనాగూడలో ఒక అపార్ట్‌మెంటు సెల్లారులో మా ప్రాక్టీసు. మేనేజరు లేచేదాకా ఎవరూ సీట్లోంచి లేవకూడదన్నది మా ఆఫీసు ఆనవాయితీ. దానిమీదే అన్న పాట కట్టాడు: "ఆరైంది సారూ, కుర్సి నీది, కాళ్లు మాయి." ఆఖరి చరణంలో మేనేజరును ఇంకా మాటలన్నాడు. అవి ఇక్కడ రాయలేను.

క్యాలెండర్‌లో మీటింగ్ పెడితే తప్ప మా డ్రమ్మర్ ఎక్కడికీ వచ్చేవాడు కాదు. ప్రతివారం నేనే పెట్టేవాణ్ణి. ఒక శుక్రవారం తొందరలో చూసుకోకుండా బ్యాండు గ్రూపుకు బదులు ఆఫీసులో మా ఫ్లోరు మొత్తానికి పంపాను. విషయం: ముఖ్యమైన చర్చ. చోటు: మదీనాగూడ సెల్లారు. సోమవారం నా ప్రొబేషన్ ముగిసినట్టు కాగితం మీద మేనేజరు సంతకం పెట్టాలి.

శనివారం నలభై మంది వచ్చారు, కొందరు ల్యాప్‌టాపులతో సహా (పిలుపొస్తే ఎందుకని అడిగే అలవాటు మాకు లేదు). మేనేజరు గారు అందరికంటే ముందే వచ్చి ఎవరిదో స్కూటర్ మీద కూర్చున్నారు.

"అన్నా, ఆ పాట వద్దు. సోమవారం నా సంతకం ఉంది," అన్నాను.

"ఏందిరా పరేషాన్? పిలిచింది నువ్వే. పిలిచి ఉత్తగ పంపిస్తవా?"

పాట ఎత్తుకున్నాడు. ఆఖరి చరణం వచ్చేలోగా గిటారు కింద పెట్టి నేను జనంలో కలిసిపోవచ్చు. కలవలేదు. గట్టిగానే వాయించాను, తప్పుగా. పాట అయ్యాక మేనేజరు గారు లేచి, "బాగుందండీ. మరి చర్చ ఎప్పుడు మొదలవుతుందండీ?" అని అడిగారు.

సోమవారం సాయంత్రం ఆరింటికి ఫ్లోరులో ఎవరో సన్నగా పల్లవి అందుకున్నారు. ఒక్కొక్కరే బ్యాగు తగిలించుకుని లేచారు. నా కాగితం ఇంకా మేనేజరు గారి బల్ల మీదే ఉంది. అన్న నా కుర్చీ వెనక నిలబడి, "వస్తవా, సంతకం కోసం కూసుంటవా?" అన్నాడు. లేచాను.

నా ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగించారు. కారణం కూడా రాశారు: సమావేశాల నిర్వహణలో మెరుగుపడాలి. తరవాత నేను ఎన్నో సమావేశాలు నిర్వహించాను, చక్కగానే. ఫోన్ చూసుకోకుండా అందరూ చివరిదాకా విన్నది మాత్రం ఆ ఒక్కటే.