సత్యకుమారి కురిడీ పరీక్ష

అంబాజీపేటలో కురిడీ కొబ్బరి కొట్లో పనిచేసే సత్యకుమారి నా కళ్లు తెరిపించిన మనిషి. నేను స్కూల్లో డ్రిల్లు మాస్టారిని. పిల్లలకు నేర్పడమే గాని, ఒకరి దగ్గర నేర్చుకునే అలవాటు నాకు లేదు.

కురిడీ అంటే నెలల తరబడి అటక మీద ఎండి, లోపలి కొబ్బరి చిప్పను వదిలేసిన కాయ. దాన్ని చెవి దగ్గర ఊపి, లోపలి గుండు నిలిచిందో ముక్కలైందో సత్యకుమారి చెప్పేస్తుంది. పదిహేనేళ్లుగా ఆమె పని అదే.

ఆమె కూతురు మంజుష మా ఆడపిల్లల క్రికెట్ జట్టులో ఓపెనర్. ఓ రోజు ప్రాక్టీసులో బంతి హెల్మెట్‌కు తగిలి కూలబడింది. జట్టు కోసం నేను కొత్తగా కొన్న హెల్మెట్లలో ఒకటది. తిప్పి తిప్పి చూశాను, గీతైనా పడలేదు. "ఏం కాలేదు, నాటకాలాడకు" అన్నాను. సాయంత్రానికి పిల్లకు వాంతులు. మెదడు అదిరిందని, మూడు వారాలు ఆట వద్దని డాక్టరు చెప్పారు.

మర్నాడు సత్యకుమారి గోనెసంచి నిండా కురిడీలతో స్కూలుకు వచ్చింది.

"చిప్ప పగలకపోతే లోపల బాగున్నట్టేనా మాస్టారండీ? టోర్నమెంటుకి మిగతా పిల్లల్ని ఈ కొత్త హెల్మెట్లే పెట్టి దింపుతారా?"

"కొబ్బరికాయకీ తలకాయకీ పోలికేంటమ్మా?" అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. కొత్త హెల్మెట్‌లో ఒక కురిడీ, మా పాత హెల్మెట్‌లో ఒకటి గుడ్డతో బిగించి, మేడ మీది నుంచి సిమెంటు గచ్చు మీదకు వదిలింది. మూడేసి సార్లు, ప్రతిసారీ కొత్త కాయలతో. హెడ్మిస్ట్రెస్ జానకీదేవి గారితో సహా బడంతా చూస్తోంది. ఆరు చిప్పల్లో ఒక్కటీ పగల్లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇప్పుడు ఊపి చూడండి" అంది.

పాత హెల్మెట్‌లో పెట్టిన కాయలు ఎప్పటిలా లొడలొడమన్నాయి. కొత్తదాంట్లోవి గలగలమన్నాయి. పగలగొడితే మూడింట్లోనూ కొబ్బరి ముక్కలు ముక్కలు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

జానకీదేవి గారు కొత్తవన్నీ వెనక్కి పంపించేశారు. మళ్లీ కొనడానికి రాజమహేంద్రవరం వెళ్తుంటే సత్యకుమారి సంచీతో సహా బయల్దేరింది. అక్కడా హెల్మెట్లలో కాయలు బిగించి పడేస్తుంటే కొట్టాయన మొదట కసురుకున్నాడు, మూడో కాయకు ఆమెకు కుర్చీ వేశాడు.

"ఎంత మంచిది పెట్టినా, దెబ్బ తగిలితే పిల్లని కూర్చోబెట్టాలండి" అని దారిలో ఆమె నాకు మరీమరీ చెప్పింది.

డాక్టరు సరేనన్నాకే మంజుష టోర్నమెంటులో దిగింది. ఫైనల్లో ఇంకా తొమ్మిది పరుగులు కావాలనగా బంతి మళ్లీ హెల్మెట్‌కు తగిలింది. పరుగెత్తాను.

"బాగానే ఉన్నాను సార్, ఆడతాను."

ఈసారి హెల్మెట్ వైపు చూడలేదు. "నాటకాలాడకు, పద" అని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశాను. జనంలోంచి సత్యకుమారి లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

మిగిలిన పిల్లలు ఆ తొమ్మిదీ కొట్టేశారు. ఊరంతా కేకలు. మంజుషకు ఏమీ కాలేదని డాక్టరు చెప్పినప్పుడు మాత్రం అందరికంటే గట్టిగా అరిచింది నేనే.