కన్యాదానం పీట మీద కూర్చున్నవాళ్లు

శనివారం ఉదయం ఏడుంపావుకు బెంగళూరు హూడిలో బస్సెక్కాను. ఎప్పుడో పోయినవాళ్లను వెతకడానికి సెలవు పాడుచేసుకున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఆ బస్సులో నేనొక్కడినే అయి ఉంటాను.

పంపింది మా అమ్మ. ఏటా పెద్దల అమావాస్యకు తన అవ్వ లక్ష్మమ్మ తల్లిదండ్రులకు రెండు ఆకులు వేసి, మునిస్వామప్ప, గంగమ్మ అని పిలిచి వడ్డిస్తుంది. ఆ పేర్లు లక్ష్మమ్మ పెళ్లి పత్రికలో ఉన్నవి. మొన్న యలహంక పిన్నమ్మ, ఆ దంపతులకు పిల్లలే లేరని తాపీగా చెప్పి పాయసం తాగింది. అప్పటినుంచి అమ్మకు ముద్ద దిగడం లేదు. ఇన్నేళ్లు ఎవరికో వడ్డించి సొంతవాళ్లను పస్తు పెట్టానని బాధ. అమావాస్య ఇంకా పది రోజులే ఉంది.

సిల్క్ బోర్డు దగ్గర దిగి, ఎనిమిదిన్నరకు లక్ష్మమ్మ పెళ్లి జరిగిన ఆనేకల్‌కు బస్సు పట్టుకున్నాను. పక్క సీట్లో పూలబుట్టతో ఉన్న పెద్దావిడ, "ఏడికప్పా?" అంది. లక్ష్మమ్మ అమ్మానాన్నల కోసమన్నాను.

"అడ్రస్ ఉండాదా?"

"వాళ్లు పోయి ఎన్నో ఏండ్లయిందమ్మా."

"అట్లయితే తొందరేం లేదులే," అని బుట్ట సగం నా ఒళ్లో పెట్టింది.

పదింటికి దిగి, ఇడ్లీ తిని, నేతవాళ్ల వీధిలో, తరతరాలుగా మావాళ్ల పెళ్లిళ్లు చేయించే పురోహితుడి ఇల్లు చేరాను. తన తాత చేయించిన పెళ్లిళ్లన్నీ రాసిన పుస్తకాలు ఆయన పెట్టె నిండా ఉన్నాయి. ఫోన్‌లో పత్రిక ఫొటో చూసి నవ్వాడు.

"కన్యాదాతలు అని ఉండాది కదప్పా. అమ్మానాయన అని ఎవురు చెప్పిరి? తల్లి లేకపోతే నాయన ఒక్కడే పీట మీద కూర్చోకూడదు. మేనమామ, ఆయన పెండ్లాము కూర్చుంటారు. పత్రికలో వాళ్ల పేర్లే వేస్తారు."

చదువుకున్నవాళ్లం ఇంటినిండా ఉన్నాం. ఎవరికీ తట్టలేదు.

పత్రికలోని తిథిని పట్టుకుని వెతికితే పన్నెండు దాటాక ఆ పెళ్లి దొరికింది. ప్రవర చెప్పడానికి రాసుకున్న చోట తండ్రి పేరు చౌడప్ప. ప్రవరలో తల్లుల పేర్లు ఉండవు. నేను డీలాపడేలోపు ఆయన కింది వరుస మీద వేలు పెట్టాడు. ముత్తైదువగా పోయిన తల్లికి పెళ్లికి ముందు చీర పెట్టి పూజ చేస్తారట. ఆ పూజ ఎవరికో కూడా తాత రాసుకున్నాడు: నంజమ్మ. నాకు కళ్లు చెమర్చాయి.

మీరూ వెళ్తే పత్రిక అసలుదే పట్టుకెళ్లండి, ఫొటోలో తిథి సరిగా కనపడదు. పురోహితుణ్ని తొందరపెట్టకండి.

రాగిముద్ద తిని, రెండింటికి తిరుగు బస్సెక్కి అమ్మకు ఫోన్ చేశాను. నంజమ్మ, చౌడప్ప అని రెండుసార్లు పలికించుకుంది. ఏడుస్తోందని తెలిసింది.

"మరి ఇన్నేండ్లు వచ్చి తినిపోయినోళ్లు మేనమామ, అత్తానా?" అంది.

"అవునమ్మా. ఈసారి వాళ్లకు మానేస్తావా?"

"పిల్లలు లేనోళ్లప్పా. మనము పిలవకుంటే ఇంకెవురు పిలుస్తారు? వచ్చేటప్పుడు నాలుగు ఆకులు తీసుకురా."